మొగలిరేవులో ఓడదొంగలు

ఓడదొంగలకు బట్టలు కుట్టడానికి గోదావరి జిల్లాకు వెళ్తున్నానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. "మన అనంతపురంలో చెరువుకే నీళ్లు లేవు, ఓడదొంగలు ఎట్లుంటారో నీకేమి తెలుసు?" అని మా ఆడపడుచు నవ్వింది. ఆమె మాటా కాదనలేను. సముద్రాన్ని నేను జీవితంలో రెండుసార్లే చూశాను, రెండుసార్లూ ఒడ్డున నిలబడే. కానీ బట్ట సంగతి నాకు తెలుసు. మా అమ్మ పౌరాణిక నాటకాల వాళ్లకు దుస్తులు కుట్టేది. ఆమె మిషను నాకు వచ్చింది. ముప్పై ఏళ్లుగా నాదీ అదే పని. దుర్యోధనుడి నడికట్టు ఎంత వెడల్పుండాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

నన్ను పిలిచినవారు వరప్రసాదం గారు. రిటైరైన సోషల్ మాస్టారు. సముద్రానికి కూతవేటు దూరంలో, గోదావరి పాయ ఒకటి కడలిలో కలిసే మొగ దగ్గర ఉన్న మొగలిరేవు వారి ఊరు. ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేశారు.

"మా ఊరి మీద పూర్వం ఓడదొంగలు పడ్డారండి. మగాళ్లంతా చేపల వేటకెళ్లిన పూట చూసుకుని వచ్చారు. ఆడవాళ్లే తరిమికొట్టారని మా ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటారు. అది జరిగిన రేవులోనే ఆడి చూపించాలని మా కోరికండి. సినిమా దొంగలు వద్దు, నిజం దొంగలు కావాలి."

"బంగారం కోసం వచ్చినారా సార్?" అన్నాను.

"కాదండి. బట్ట కోసం. మన నేతగాళ్లు నేసిన తానులు ఓడెక్కడానికి రేవులో కట్టలు కట్టి ఉండేవండి. వాటి కోసం ప్రాణాలకు తెగించి వచ్చారు."

ఆ ఒక్క మాటకు ఒప్పుకున్నాను. మన బట్టను దోచుకోవడానికి సముద్రాలు దాటి వచ్చారంటే, బట్ట పని చేసే మనిషికి అంతకన్నా ఏం కావాలి? నాలుగు నెలలు కుట్టాను. డిసెంబరులో రెండు ట్రంకు పెట్టెలతో బయల్దేరాను.

రాజమండ్రి

పెట్టెలు తారుమారు కాకూడదని ఒకదాని మీద తెల్ల పెయింటుతో 'దొంగలు' అని, రెండోదాని మీద 'ఆడవాళ్లు' అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద దిగగానే అదే నా కొంప ముంచింది. రైల్వే కానిస్టేబుల్ ఒకాయన పెట్టెల చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏంటండీ ఇది?" అన్నాడు.

"బట్టలు సార్."

"దొంగబట్టలాండీ?"

"దొంగల బట్టలు."

తెరిచి చూపించక తప్పలేదు. పైనే కెప్టెన్ కోటు ఉంది. మోకాళ్లు దాటే పొడవు, నీలిమందు రంగు వేసిన మందపాటి కాన్వాసు, లోపల లైనింగు, ఛాతీ మీద పన్నెండు కొబ్బరిచిప్ప గుండీలు. ఆయన దాన్ని భుజాల మీద వేసుకుని చూసుకున్నాడు. చుట్టూ జనం పోగయ్యారు. "బరువుందండి, కానీ దర్జాగా ఉంది" అని జాగ్రత్తగా మడత పెట్టి ఇచ్చేశాడు. పోలీసాయన కూడా నన్ను 'అండి' అనడం నాకు వింత. మా వైపు ప్రేమ ఎక్కువైతే 'ఏమ్మే' అంటారు. ఇక్కడ కోపంలోనూ అండి ఉంటుందని రెండోరోజుకల్లా తెలిసింది.

స్టేషను బయట డెబ్బై రూపాయలకు ఉప్మా పెసరట్టు తిన్నాను. అల్లం పచ్చడి తియ్యగా ఉంది. పచ్చడి తియ్యగా ఉండటమేమిటని మొదటి ముద్దకు అనుకున్నాను, మూడో ముద్దకు ఇంకొంచెం వేయించుకున్నాను.

ఆత్రేయపురం

వరప్రసాదం గారు వ్యాను తీసుకుని వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలతో ఉన్నారు. దారిలో ఆత్రేయపురంలో ఆగాం. ఒక ఇంటి అరుగు మీద బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని ఒకామె పూతరేకులు తీస్తోంది. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరుస్తుంది. గుడ్డ లాగేలోపే రేకు తయారు. ఒక రేకు తీసి ఎండకు పట్టింది. రేకులోంచి అవతలి కాలువ గట్టు కనిపించింది.

"ఎన్నేళ్ల నుంచి తీస్తున్నారమ్మా?"

"పద్నాలుగో ఏటి నుంచండి. చెయ్యి కాలని రోజు లేదు. అయినా నా రేకు పక్కన ఇంకోళ్ల రేకు పెట్టి చూడండి, మీకే తెలుస్తది."

ఆమె ఆ మాట గర్వంగానే అంది. దాచుకోలేదు. మా అమ్మయితే ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకునేది. నేనూ అదే నేర్చుకున్నాను. పనిని పొగుడుకోవడం తప్పేమీ కాదని ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు మొదటిసారి అనిపించింది. బెల్లం, నెయ్యి వేసిన రేకులు రెండు డబ్బాలు కొన్నాను. ఒకటి వ్యాను దిగేలోపే అయిపోయింది.

మొగలిరేవు

వరప్రసాదం గారిది లూథరన్ క్రైస్తవ కుటుంబం. వారింట్లో అన్నం ముందు అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తారు. నేనూ కళ్లు మూసుకుని నా వేంకటేశ్వరుణ్ణి తలుచుకున్నాను. ఆ తర్వాత గోంగూర రొయ్యలు వడ్డించారు. రాగి సంగటి తినే ఒంటికి రోజూ మూడుపూటలా అన్నమంటే మొదట్లో భయమేసింది. తినగా తినగా భయం పోయింది. కొబ్బరిబోండం మా ఊళ్లో యాభై, ఇక్కడ ఇరవై. పక్కింటివాళ్లయితే ఊరికే కొట్టి ఇచ్చారు.

మధ్యాహ్నం కొలతలు సరిచూడటానికి బడిలో కూర్చున్నాం. ఊరిని కాపాడే ఆడవాళ్లుగా ఇరవై ఆరుగురు. వాళ్లకు ముందుండే మనిషి మంగాయమ్మ. అరవై దాటిన వయసు, చేపలమ్మే గొంతు, నడుముకు ఎప్పుడూ చిన్న చేపల కత్తి. మాస్టారు రాసిన కథలో ఊరిని లేవదీసే ఆడమనిషి వేషం ఆమెదే.

పెద్ద చిక్కు రవికల దగ్గర వచ్చింది. ఆ రోజుల్లో మన ఊళ్లలో కుట్టిన రవిక లేదు, చీరే చుట్టుకునేవారు. నిజం కావాలని పట్టుబట్టిన మాస్టారు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చివరికి నేనే చెప్పాను.

మంగాయమ్మ నవ్వేసింది. "మా నాయనమ్మ చచ్చేదాకా రవిక తొడగలేదండి. ఆవిణ్ణి చూసి సిగ్గుపడినోళ్లు లేరు. పైట నిండుగా వచ్చేలా చుట్టడం మేం చూసుకుంటాం. లోపల మా ధైర్యానికి ఏదో ఒకటి కుట్టిపెట్టండి, చాలు."

ఒంటి రంగులో చేతుల్లేని బనీన్లు కుట్టాను. చీర చుట్టాక ఎవరికీ కనబడలేదు. నిజమూ నిలిచింది, మర్యాదా నిలిచింది.

కొలిమి దగ్గర

మర్నాడు ఆయుధాలు చూశాను. కమ్మరి సత్తిబాబు లారీ కమాను పట్టీలను సాగగొట్టి పద్దెనిమిది పొట్టి కత్తులు చేశాడు. ఓడల మీద తాళ్ల మధ్య పొడుగు కత్తి తిప్పడం కుదరదు కాబట్టి దొంగలు పొట్టివే వాడేవారట. అంచులు మొద్దుగా ఉంచాడు. మొనలు గుండ్రం చేశాడు. సరుగుడు కర్రకు ఇనప గొట్టం బిగించి చకుముకి తుపాకులు ఆరు చేశాడు. మీట నొక్కితే చకుముకి రాయి ఇనుముకు తగిలి నిజంగానే నిప్పురవ్వ లేస్తుంది. దొంగల కెప్టెన్ వేషమూ అతనిదే. మనిషి ఆరడుగులు, మాట మాత్రం మెత్తన.

"కంటికి నల్ల గుడ్డ కట్టనీయట్లేదండి మాస్టారు" అని నాతో మొర పెట్టుకున్నాడు. "కట్టకపోతే దొంగనని జనానికి ఎలా తెలుస్తదండి?"

"కత్తి పట్టుకుని పక్కోళ్ల బట్టలెత్తుకుపోతే తెలీదా సత్తిబాబూ?" అన్నారు మాస్టారు.

సాయంత్రం ఎస్సై గారు వచ్చి చూశారు. కత్తుల అంచు మీద బొటనవేలు రాసి సరే అన్నారు. తుపాకుల్లో మందు మాత్రం వేయడానికి వీల్లేదన్నారు. గుంపు మధ్య మందుగుండు పెట్టనివ్వనని ఆయన అనడం న్యాయమే. కానీ చప్పుడు లేని తుపాకీకి ఎవరు భయపడతారు? మాస్టారి ముఖం వాడిపోయింది.

మంగాయమ్మ పడవలు కట్టే చోటికి వెళ్లి రెండు వెడల్పాటి చెక్క పలకలు తెచ్చింది. ఒకదాన్ని నేల మీద పరిచి రెండోదాన్ని దాని మీద బల్లపరుపుగా పడేసింది. కొబ్బరి చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"సరిపోద్దాండీ మాస్టారూ?"

"ఆయ్, సరిపోద్ది" అన్నారాయన గుండె మీద చెయ్యి వేసుకుని. అలాంటివి పది పలకలు రేవు గట్టు వెనక సిద్ధం చేశాం.

వెళ్లేముందు మంగాయమ్మ ఒక్క మాట గట్టిగా చెప్పింది. "రేపు రెండింటికి పోటు నిండుగా ఉంటదండి. పడవ ఒడ్డు దాకా వస్తది. మూడు దాటితే పాటు, నీళ్లు తీసేస్తాయి. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

పాటు

రెండింటికి రేవు గట్టు పొడుగునా జనం. పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్లు, కొబ్బరి చెట్లెక్కినవాళ్లు, పక్క లంకల నుంచి పడవల మీద వచ్చినవాళ్లు. అంతా సిద్ధం. ముఖ్య అతిథి మాత్రం రాలేదు. ఆయన మూడున్నరకు వచ్చి, దండలు వేయించుకుని, అరగంట మాట్లాడారు. ఆయన మాటలు నేను వినలేదు. రేవులో నీళ్లు రాయి తర్వాత రాయి దిగిపోవడం చూస్తూ నిలబడ్డాను.

నాలుగింటికి డప్పులు మోగాయి. మడచెట్ల వంపు చాటునుంచి దొంగల పడవ బయటికి వచ్చింది. గట్టు వెనక పలకలు పేలాయి. పిల్లలు కెవ్వుమన్నారు. నా ఒళ్లు పులకరించింది. పద్దెనిమిది మంది నేను కుట్టిన పొట్టి చొక్కాల్లో, మోకాళ్ల దాకా వదులు లాగుల్లో, తలపాగాలతో, కాళ్లకు చెప్పుల్లేకుండా నిలబడి అరుస్తున్నారు. ముందు సత్తిబాబు, నీలి కోటులో.

ఒడ్డు ఇంకా దూరముండగానే పడవ అడుగు ఇసుకమేటకు తగిలి ఆగిపోయింది. ఒక్క క్షణం అందరూ ముఖాలు చూసుకున్నారు. సత్తిబాబు కత్తి పైకెత్తి నీళ్లలోకి దూకాడు. మిగతావాళ్లూ దూకారు. వాళ్లు నడుస్తున్నారు. అతను మాత్రం ఆగిపోయాడు. అక్కడ అంతకుముందు పూడిక తీసిన గొయ్యి ఉందట. తొడల దాకా బురదలో దిగిపోయాడు. లేవబోయి ముందుకు పడ్డాడు.

జనం చప్పట్లు కొట్టారు. భలే నటిస్తున్నాడనుకున్నారు. మైకు ముందు మాస్టారు కాగితం చూసి కథ చదువుతూనే ఉన్నారు.

నాకు తెలిసిపోయింది. ఆ కోటు ఎలా కదలాలో నాకు తెలుసు. అది కదలడం లేదు. కాన్వాసు, లైనింగు రెండూ నీళ్లు తాగి, మనిషిని కిందికి లాగుతున్నాయి. అతను ఛాతీ మీద చేతులు వేసి గుండీలు విప్పబోతున్నాడు. ఊడవు. కత్తియుద్ధంలో తెగకూడదని మైనం రాసిన దారం రెండు పేటలు వేసి, కాజాలు బిగుతుగా కుట్టింది నేనే. పొడి బట్ట మీదే వాటిని విప్పడానికి ఇద్దరు కావాలి.

గట్టు వెనక తమ వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి పరుగెత్తాను. "మంగాయమ్మా, అతను నటించడంలే! నా కోటు ముంచేస్తా ఉంది!"

ఆమె లేచి ఒక్కసారి చూసింది. "పలకలు తియ్యండే" అంది.

తుపాకీ చప్పుళ్ల కోసం పెట్టిన పలకలు లాక్కుని ఆ ఇరవై ఆరుగురూ గట్టు దిగారు. ఒక పలక బురద మీద వేయడం, దాని మీద నడిచి రెండోది ముందు వేయడం. నేను పలక మీద కాలు పెట్టబోతే ఒకామె నన్ను వెనక్కి తోసింది. "మీకు బురద తెలీదండి, ఆగండి!" సత్తిబాబు తల ఒకసారి నీళ్లలోకి పోయి పైకి వచ్చింది. మంగాయమ్మ చివరి పలక మీద బోర్లా పడుకుని, ఎడంచేత్తో అతని కాలరు పట్టుకుని, నడుము దగ్గర కత్తి తీసింది. పై నుంచి కిందికి కాజాలన్నీ చీల్చేసింది. నలుగురు చంకల కింద చేతులేసి లాగారు. పొట్టు నుంచి రొయ్య వచ్చినట్టు అతను కోటు నుంచి జారి వచ్చాడు.

అప్పటికి జనానికి అర్థమైంది. డప్పులు ఆగాయి. ఒడ్డున కూర్చోబెడితే అతను నీళ్లు కక్కుతూ దగ్గాడు. అక్కడే ఇసుకలో కూలబడి, "తప్పయింది నాయనా, తప్పయింది" అంటున్నాను. మాస్టారు మైకు వదిలేసి వచ్చారు.

"ఆపేద్దాం సత్తిబాబూ. చాలు."

సత్తిబాబు దగ్గు ఆపుకుని తలెత్తాడు. "ఆపితే ఎలాగండి మాస్టారూ? నన్నింకా తరమలేదు కదండీ."

ముందు మంగాయమ్మ నవ్వింది. తర్వాత నవ్వు గట్టంతా పాకింది. పావుగంట ఆగి, ఒంటి మీద తడి చొక్కాతోనే అతను మళ్లీ దొంగయ్యాడు. బట్టల కట్టల మీద చెయ్యి వేశాడో లేదో, ఆడవాళ్లు విసురువలలు విసిరారు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నలుగురు దొంగల మీద ఒకేసారి పడింది. రోకళ్లు, తెడ్లు, అరుపులు. ఇంతకుముందు ప్రాణం పోసినవాళ్లే ఇప్పుడు వీపు మీద తెడ్డుతో తరుముతుంటే సత్తిబాబు నిజంగానే పరుగెత్తాడు. ఆ చప్పట్లు మొగ దాటి సముద్రంలోకి వినబడి ఉంటాయి.

గట్టు మీద

అంతా అయ్యాక మంగాయమ్మ బురద కోటు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను తల ఎత్తలేకపోయాను.

"చూడండి" అంది. "ఇంత లాగినా ఎక్కడా కుట్టు పోలేదండి. కాజాలు చీల్చాను గానీ మీ గుండీలు ఊడలేదు."

"అదే కదమ్మా తప్పు. తెగాల్సింది తెగలే."

"అయితే ఈసారి లాగితే విడిపోయేలా కుట్టండి. కుట్టడం మానేస్తానని మాత్రం అనకండి. గుండీల తప్పు ఒకటి, మూడున్నరకి దండలేసుకున్నోళ్ల తప్పు పది."

వేదిక మీద మాస్టారు ముగింపు మాటలు చెబుతున్నారు. ఆనాడు ఊరిని కాపాడిన ఆడవాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ దొరకలేదని, ఎంత వెతికినా తనవల్ల కాలేదని అంటూ ఆయన చేతిలో కాగితం మడిచారు. మంగాయమ్మ లేచి వెళ్లి ఆయన చేతిలో మైకు తీసుకుంది.

"ఆళ్ల పేర్లు పోయాయండి. ఏం చేస్తాం. మా పేర్లన్నా పోకూడదు కదా. నేను మంగాయమ్మని."

వెనకే వేదికెక్కిన ఆడవాళ్లలో పక్కామెకు మైకు ఇచ్చింది. ఆమె సిగ్గుపడి, తర్వాత చెప్పింది. మైకు చేతులు మారుతూ వెళ్లింది. నాగరత్నం. పోలమ్మ. ఎస్తేరు. వెంకటలక్ష్మి. ఒక్కో పేరుకూ జనం చప్పట్లు కొడుతున్నారు. గట్టు మీద నిలబడ్డ మగవాళ్లు కొందరు తమ ఇంటి మనిషి పేరు రాగానే తలపాగాలు ఊపారు. అందరిలోకీ పెద్దామె, మెడలో వల ఇంకా తీయలేదు, మైకు పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"మా ఆయన పేరు చెప్పనా?"

"మీ పేరు చెప్పండి మామ్మగారూ" అన్నాడు సత్తిబాబు కింద నుంచి.

ఆమె మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది. "సూరమ్మ" అంది నెమ్మదిగా. మళ్లీ గట్టిగా అంది. "సూరమ్మనండి."

ఇరవై ఆరు పేర్లూ అయ్యాయి. మైకు వెనక్కి ఇస్తారనుకున్నాను. మంగాయమ్మ మైకు పట్టుకుని వేదిక దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. వద్దని చేతులు ఊపాను. ఆమె వినలేదు. ముప్పై ఏళ్లలో ఎన్ని నాటకాలకు కుట్టానో లెక్కలేదు, తెర ముందుకు ఒక్కసారీ రాలేదు. బురద కోటు చేతుల్లోనే ఉంది. దాన్ని భుజాన వేసుకుని లేచి నిలబడ్డాను.

"నా పేరు రామసుబ్బమ్మ" అన్నాను. "అనంతపురం నుంచి వచ్చినాను. ఈ బట్టలన్నీ కుట్టింది నేనే."